కుంచె జారకుండా చేసిన మార్పు

మా మూడో తరగతిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడు ఎదుగుదలలో లోపం వల్లో దెబ్బ వల్లో ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న ఒక పాప ఉంది. బొమ్మలంటే ప్రాణం. కానీ సన్నటి కుంచె వేళ్ల మధ్య నిలిచేది కాదు, కాగితమూ చేతితో పాటే జరిగిపోయేది. మొదట్లో నేనే తన చెయ్యి పట్టుకుని వేయించేదాన్ని. అది నా బొమ్మ అయ్యేది, తనది కాదు. మానేశాను.

కుంచె పిడికి స్పాంజి చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను, గుప్పెట నిండా పట్టేంత లావుగా. కాగితాన్ని నాలుగు మూలలా టేపుతో బల్లకి అంటించాను. రంగు చిక్కగా కలిపాను, పల్చనైతే కారిపోతుంది. తన పాదాలు గాలిలో వేలాడుతున్నాయని ఆలస్యంగా గమనించాను. కింద పీట వేశాక భుజం బిగుసుకోవడం తగ్గింది, చెయ్యి కుదురుకుంది.

నిన్న కాగితం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే నీలం గీత లాగింది. "టీచర్, నది" అంది.