హోమ్ కేర్ మీద ఫిర్యాదు తేలాలంటే ఏం చేయాలి?

మంచం మీదున్న మనిషిని చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి కేర్‌టేకర్ వస్తుంది. నెల తిరక్కుండానే ఏదో తేడా వస్తుంది. ఇంటివాళ్లు ఫోన్ చేసి కేకలేస్తారు. అవతలివాళ్లు "సారీ అండీ, రేపట్నుంచి వేరే మనిషిని పంపిస్తాం" అంటారు. గొడవ తీరిపోయిందని అందరూ అనుకుంటారు. రెండు నెలలకు అదే తేడా మళ్లీ వస్తుంది, ఈసారి కొత్త మనిషితో. మనిషిని మార్చినంత మాత్రాన ఫిర్యాదు తేలినట్టు కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కొట్టడం, తిండి పెట్టకపోవడం, గదిలో పెట్టి గడియ వేయడం, డబ్బో నగలో తీయడం: ఇవి ఏజెన్సీకి ఉత్తరం రాసి జవాబు కోసం కూర్చునే విషయాలు కావు. ముందు మనిషిని కాపాడండి, దెబ్బలుంటే డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి, పోలీసులకు చెప్పండి. భారతదేశంలో అయితే 112. వృద్ధుల విషయంలో సలహాకు, సాయానికి 14567 హెల్ప్‌లైన్ కూడా ఉంది. ఇంగ్లండ్‌లో పోలీసులతో పాటు స్థానిక కౌన్సిల్‌లో పెద్దల రక్షణ చూసే విభాగానికి చెప్పాలి. కింద రాసినవన్నీ మిగతా ఫిర్యాదులకు.

1. కాగితాలు దగ్గర పెట్టుకోండి

ఒప్పందం, కట్టిన డబ్బుకు రసీదులు, హాజరు పట్టీ, మందుల చార్ట్, ఒక నోటుబుక్. నోటుబుక్ అంటే నోటుబుక్కే, ఫోన్‌లో నోట్స్ కాదు. ఇంట్లో ఎవరు చూస్తే వాళ్లు అప్పటికప్పుడు తేదీ, టైము వేసి రాయాలి. ఫోన్‌లో అయితే ఒక్కరే రాస్తారు, అదీ వారం తర్వాత గుర్తున్నంత వరకు.

2. సేవ అందుకుంటున్న మనిషిని అడగండి

అడగరు, చాలామంది. నాన్నగారి మీద ప్రేమతో ఆయన్ని అడక్కుండానే ఆయన తరఫున గొడవ పడతారు. తీరా సూపర్‌వైజర్ వచ్చి అడిగితే ఆయన "నాకేం ఇబ్బంది లేదు బాబూ" అనేస్తారు. ఫిర్యాదు అక్కడే నీరుగారిపోతుంది. ఆయన చెప్పగలిగే స్థితిలో ఉంటే ఆయన మాటే మొదట రాయండి.

3. చిన్న విషయమైతే ముందు కేర్‌టేకర్‌తోనే మాట్లాడండి

ఒక్కసారి, మర్యాదగా, పేషెంటు ముందు కాకుండా. చాలా తేడాలు ఇక్కడే సర్దుకుంటాయి. ఏ పని ఎప్పుడు చేయాలో ఆ అమ్మాయికి ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు, అంతే.

4. ఫిర్యాదు రాయండి

అందరూ పాడుచేసేది ఇక్కడే. మొదటిసారి నేనూ పాడుచేశాను. "ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది" అని రాశాను. ఏజెన్సీ వాళ్లు హాజరు పట్టీ తీసి, నెలలో ఆలస్యమైంది ఆరు రోజులేనని చూపించారు. "ఎప్పుడూ" అన్న ఒక్క మాటతో అబద్ధం నాదైపోయింది. ఇంటికొచ్చి తేదీలు సరిచూసుకుంటే ఆ ఆరూ డయాలసిస్‌కు వెళ్లాల్సిన రోజులే. నేను రాయాల్సింది అది.

కాబట్టి జరిగింది రాయండి, మీకు అనిపించింది కాదు. "నిర్లక్ష్యం", "పొగరు", "బాధ్యత లేదు" లాంటి మాటలు కొట్టేయండి. "మంగళవారం ఉదయం 8 గంటలకు వేయాల్సిన బీపీ మాత్ర 11:20కి ఇంకా స్ట్రిప్‌లోనే ఉంది, చార్ట్‌లో మాత్రం వేసినట్టు టిక్ ఉంది" అని రాస్తే, నిర్లక్ష్యం అన్న మాట మీరు వాడనక్కర్లేదు. కళ్లారా చూసినదాన్ని చూశామని, విన్నదాన్ని ఎవరు చెప్పారో చెప్పి విన్నామని రాయండి. రెండూ కలిపేస్తే, విన్న ముక్క తప్పని తేలినప్పుడు చూసిన ముక్క కూడా కొట్టుకుపోతుంది.

రెండో జాగ్రత్త: ఒక ఉత్తరంలో మూడు విషయాలకు మించవద్దు. పదిహేను రాస్తే అన్నిటికంటే తేలికైనదానికి క్షమాపణ చెప్పి, మిగతావి మాట్లాడరు. మందు తప్పిన సంగతి పక్కన ఫోన్ ఎక్కువ చూస్తుందని రాస్తే, జవాబు ఫోన్ గురించే వస్తుంది.

మూడోది, అసలైనది: ఏం కావాలో చెప్పండి. "తగిన చర్య తీసుకోగలరు" అని ముగించకండి. తగిన చర్య ఏదో వాళ్లకు వదిలేస్తే వాళ్లకు తెలిసింది మనిషిని మార్చడమే. "రాని రోజుల డబ్బు తిరిగివ్వాలి", "మందుల చార్ట్‌ను సూపర్‌వైజర్ వారానికోసారి వచ్చి చూసి సంతకం పెట్టాలి", "డయాలసిస్ రోజుల్లో మనిషి రాకపోతే గంటలోపు ఇంకొకర్ని పంపాలి": ఇలా, జరిగిందో లేదో చూడగానే తెలిసేలా అడగండి.

చివర్లో ఒక వాక్యం: "ఈ ఫిర్యాదు వల్ల సేవలో, ప్రవర్తనలో ఎలాంటి లోటూ రాకూడదు." ఫిర్యాదు చేస్తే అమ్మను ఇంకా సరిగ్గా చూడరేమోనన్న భయంతోనే సగంమంది ఆగిపోతారు. ఆ భయాన్ని దాచుకోవడం కంటే కాగితం మీద పెట్టడమే మేలు.

కొందరు ఇవేమీ వద్దని నెల డబ్బు ఆపేస్తారు. ఆపారో, ఒప్పందం తప్పింది మీరేనని వాళ్లు ఎదురు తిరుగుతారు. ఇంటర్నెట్‌లో ఒక్క స్టార్ ఇచ్చి తిట్టడం అంతకన్నా దండగ. మీ కోపం చల్లారుతుంది, మాత్ర టైముకు పడదు.

5. పంపి, వెంటపడండి

ఈమెయిల్‌లో, సూపర్‌వైజర్‌కు కాదు, మేనేజర్‌కు. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో ఒప్పందంలో ఉంటే ఆ గడువు గుర్తుచేయండి, లేకపోతే మీరే ఒక తేదీ వేయండి. ఫోన్‌లో ఏం మాట్లాడినా, ఆ రోజే "మీరు చెప్పింది ఇది" అని రెండు లైన్లు మెయిల్ పెట్టండి.

జవాబు రాగానే మీరు అడిగినవాటి పక్కన పెట్టి చదవండి. ఏం జరిగిందని విచారించారు, ఏది నిజమని ఒప్పుకున్నారు, ఏం మారుస్తారు, ఎప్పటికి? ఈ నాలుగూ లేకపోతే అది జవాబు కాదు. అదే రోజు తిరిగి రాయండి.

6. తేలకపోతే పై మెట్టు

భారతదేశంలో డబ్బు కట్టి తీసుకున్న సేవ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందకు వస్తుంది. ఉచితంగా చేసిన సేవకు ఇది వర్తించదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, వాళ్లు ఫిర్యాదును సంస్థ దృష్టికి తీసుకెళ్తారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు తేడా జరిగినప్పటి నుంచి రెండేళ్లు.

ఇంగ్లండ్‌లో అయితే సంస్థకు చెప్పాక, లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే వ్యవస్థ) దగ్గరకు వెళ్లాలి. సొంత డబ్బుతో సేవ తీసుకున్నవాళ్ల ఫిర్యాదులూ వాళ్లు ఉచితంగానే చూస్తారు. సాధారణంగా సంగతి తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. కేర్ సంస్థలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్‌కు చెప్పడం మంచిదే కానీ, ఒక్కొక్కరి ఫిర్యాదును తేల్చే పని వాళ్లది కాదు.

ఈలోపు విసిగిపోయి ఏజెన్సీనే మార్చేసినా పాత ఫిర్యాదు పోదు. కాకపోతే మానేస్తున్నామని చెప్పక ముందే హాజరు పట్టీ, మందుల చార్ట్ కాపీలు తీసిపెట్టుకోండి. చెప్పాక అడిగితే సాధారణంగా దొరకవు.