బాంజోకి స్ట్రాప్: ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి

ఇక్కడ చెబుతున్నది మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్ గురించి కాదు, అయిదు తీగల అమెరికన్ బాంజో గురించి. గిటార్‌కు ఉన్నట్టు దీనికి మామూలుగా స్ట్రాప్ బటన్లు (పట్టీ తగిలించే గుండీలు) ఉండవు. అందుకని స్క్రూ దిగ్గొట్టకండి, రిమ్ (గుండ్రటి చెక్క చట్రం) పగలొచ్చు. చర్మం (రిమ్ మీద బిగించిన పొర) చుట్టూ ఉన్న హుక్కులే పట్టు.

స్ట్రాప్ కొననున్న తోలు తాడును హుక్కుకీ రిమ్‌కీ మధ్య సందులోంచి దూర్చి కట్టాలి. ఒక కొన నెక్ (బాంజో పొడవాటి మెడ) పక్కన, అయిదో తీగ వైపున్న మొదటి హుక్కుకి. రెండోది టెయిల్‌పీస్ (తీగల కింది కొనలు తగిలించే భాగం) దగ్గరి హుక్కుకి. ఇనప క్లిప్పులు వద్దు: రిమ్ మీద గీతలు పడతాయి, పైగా వాయిస్తుంటే గలగలమంటాయి. టెయిల్‌పీస్‌కీ ఆర్మ్‌రెస్ట్‌కీ (చేయి ఆన్చే భాగం) అసలు కట్టకూడదు. తాడు దూరడం లేదని హుక్కు నట్టు వదులు చేస్తే చర్మం బిగువు మారి మోత పాడవుతుంది.

పొడవు కూర్చునే సరిచేసుకోండి. ఒళ్లో బాంజో ఎలా ఉందో, లేచి నిలబడ్డా అలాగే ఉండాలి. ఇప్పుడు ఎడమ చేయి వదిలేసి చూడండి. నెక్ కిందికి వాలితే (రెజొనేటర్, అంటే వెనక మూత, లేని తేలిక బాంజోల్లో ఇదే గొడవ) టెయిల్‌పీస్ వైపు కొనను ఒక్కో హుక్కు చొప్పున జరుపుతూ మళ్లీ చేయి వదిలి చూడాలి. ఒక్క హుక్కు తేడాకే తూకం మారుతుంది. రెజొనేటర్ ఉన్నది నాలుగైదు కిలోలుంటుంది కాబట్టి పట్టీ కనీసం 2 అంగుళాల వెడల్పు లేకపోతే భుజం కోసుకుపోతుంది.