ఇంజిన్ విప్పే ముందు: ఏ బోల్టు మళ్లీ వాడొచ్చు, ఏది మార్చాలి

ముందు సర్వీస్ మాన్యువల్ తెరవండి. బిగింపు లెక్కలో టార్క్ (తిప్పే బలం) తర్వాత "ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి" లాంటి మాట ఉంటే అది సాగే రకం బోల్టు (బిగించినప్పుడు శాశ్వతంగా సాగిపోయేది) అయ్యుండే అవకాశం ఎక్కువ, మాన్యువల్ ప్రత్యేకంగా వాడొచ్చని చెబితే తప్ప కొత్తదే వేయాలి. ఇప్పటి కార్ ఇంజిన్లలో హెడ్ బోల్టులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఎక్కువగా ఈ జాతే. ఇక్కడ పీనాసితనం వద్దు, బోల్టు ఆదా చేసి గ్యాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పొర) పోగొట్టుకుంటారు.

మళ్లీ వాడొచ్చని రాసి ఉంటే వెర్నియర్‌తో పొడవు కొలిచి మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితితో పోల్చండి. తర్వాత సరైన నట్టు ఒకటి చేత్తోనే ఎక్కించి చూడండి. బోల్టు మరలు (థ్రెడ్లు) ఉన్న భాగం మధ్యలో సన్నబడి నడుము తీసినట్టు కనిపించినా, నట్టు ఒకచోట పట్టేసినా పక్కన పడేయండి.

వాల్వ్ కవర్ బోల్టులకు మామూలుగా ఇంత టెన్షన్ అక్కర్లేదు, తుప్పు లేకుండా, మరలు దెబ్బతినకుండా ఉంటే చాలు.

రంధ్రాల్లో ఆయిల్, కూలెంట్ మిగలకుండా గాలి కొట్టండి (కళ్లద్దాలు పెట్టుకుని). అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉండగా బిగిస్తే అది పోయే దారిలేక బ్లాకే పగలొచ్చు. మరలకు ఆయిల్ రాయాలా, పొడిగా ఉంచాలా అన్నదీ మాన్యువల్ ప్రకారమే, ఎందుకంటే ఆయిల్ రాస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది.