చిన్న లినక్స్ రౌటర్‌లో స్పీడ్ రావట్లేదా? ప్రాసెసర్ ఎక్కడ ఇరుక్కుందో ఇలా పట్టుకోండి

లైన్ గిగాబిట్, పోర్టులు గిగాబిట్, అయినా టెస్ట్ చేస్తే సెకనుకి మూడొందలో నాలుగొందలో మెగాబిట్లు వచ్చి ఆగిపోతుంది, సరే ప్రాసెసర్ ఏమైనా నిండిందా అని రౌటర్‌లోకి వెళ్లి టాప్ (ప్రాసెసర్ వాడకం చూపించే కమాండ్) పెడితే 70 శాతం ఖాళీగా ఉన్నట్టు చూపిస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం చేసిన లినక్స్) బాక్సులైనా, రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డులైనా, నాలుగు కోర్ల చిన్న ఎక్స్86 (పీసీ తరహా ప్రాసెసర్) బాక్సులైనా చాలామంది మొదట ఆగిపోయేది ఇక్కడే. దయచేసి ఆ 70 శాతాన్ని నమ్మకండి. నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా మునిగిపోయి మిగతా మూడు ఊరికే కూర్చున్నా సగటు 75 శాతం ఖాళీ అనే వస్తుంది, ప్యాకెట్లు మోసే పనంతా ఆ మునిగిన కోర్ మీదే ఉండొచ్చు.

ముందు కొలత సరిచేసుకోండి

ఐపెర్ఫ్3ని (రెండు మెషీన్ల మధ్య స్పీడ్ కొలిచే టూల్) రౌటర్ మీదే నడిపి ఇంతే వస్తోంది అనుకోవడం పెద్ద పొరపాటు. అలా చేస్తే రౌటర్ ప్యాకెట్లు అటునుంచి ఇటు పంపట్లేదు, తనే టీసీపీ కనెక్షన్ నడుపుతూ డేటాని యూజర్ స్పేస్‌లోకి (మామూలు ప్రోగ్రాములు నడిచే చోటికి) కాపీ చేస్తూ కూర్చుంటుంది, అది వేరే పని, దాని ఖర్చు వేరు. ఒక కంప్యూటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుకి, ఇంకోటి ల్యాన్ (ఇంటి వైపు) పోర్టుకి కేబుల్‌తో పెట్టి మధ్యలో రౌటర్ ఉండేలా కొలవండి. వైఫై వద్దు, వైఫై సమస్య కూడా కలిస్తే ఇక ఏది ఏదో తెలీదు. ఒక స్ట్రీమ్‌తో (అంటే ఒక కనెక్షన్‌తో) ఒకసారి, నాలుగు స్ట్రీమ్‌లతో ఇంకోసారి, మైనస్ ఆర్ పెట్టి రివర్స్‌లో మరోసారి చూడండి, ఈ మూడు నంబర్లూ రాసి పెట్టుకోండి. తర్వాత ఏ సెట్టింగ్ మార్చినా వీటితోనే పోల్చాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఎవరో చెప్పారని పది సెట్టింగులు ఒకేసారి మార్చేసినవాళ్లకి స్పీడ్ పెరిగినా ఎందుకు పెరిగిందో తెలీదు, తగ్గితే అసలు వెనక్కి వెళ్లే దారే ఉండదు.

లక్షణం: 94 దగ్గరకొచ్చి కదలట్లేదు

ఇది ప్రాసెసర్ సంగతి కాదు. 100 మెగాబిట్ లింక్ మీద టీసీపీకి దక్కేది అంతే, గిగాబిట్ అయితే సుమారు 941 వస్తుంది. కేబుల్‌లో నాలుగు జతల్లో ఒకటి తెగినా, ప్లగ్‌లో పిన్ను సరిగ్గా ఆనకపోయినా లింక్ 100కి దిగిపోతుంది. ఈథ్‌టూల్‌లో (ఈథర్నెట్ పోర్ట్ వివరాలు చూపించే కమాండ్) స్పీడ్ లైను చూడండి, కేబుల్ మార్చండి. డ్యూప్లెక్స్ హాఫ్ (ఒకసారికి ఒక వైపే పంపడం) అని ఉంటే రెండు వైపులా ఆటోలో పెట్టండి, ఒక వైపు చేత్తో ఫిక్స్ చేసి ఇంకో వైపు ఆటోలో వదిలేస్తే వచ్చే తంటా ఇది.

లక్షణం: 300 చుట్టూ ఆగిపోతోంది, రెండో పోర్ట్ యూఎస్‌బీ

ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి మైనస్ టీ ఇచ్చి చూస్తే అడాప్టర్ ఏ స్పీడ్‌లో కలిసిందో కనిపిస్తుంది, 480ఎం అని ఉంటే యూఎస్‌బీ 2 మీద నడుస్తోంది. మామూలుగా నీలం రంగులో ఉండే యూఎస్‌బీ 3 పోర్టుకి మార్చండి. రాస్ప్‌బెర్రీ పై 3బీ ప్లస్ అయితే మార్చడానికి ఏమీ లేదు, దాని గిగాబిట్ పోర్టే లోపల యూఎస్‌బీ 2 మీద ఉంది, 300 దగ్గరే దాని హద్దు, పైగా రెండో అడాప్టర్ పెడితే అదే బస్సుని ఇద్దరూ పంచుకోవాలి.

లక్షణం: ఏ ప్రాసెస్ ప్రాసెసర్ తినట్లేదు, కానీ ఒక కోర్ వందకి చేరింది

అసలు కథ ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం. ప్యాకెట్లు రాగానే నెట్‌వర్క్ కార్డ్ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌కి పిలుపు) ఇస్తుంది, కెర్నెల్ (లినక్స్ లోపలి అసలు భాగం) ఆ ఇంటరప్ట్‌లో పని మొత్తం చేయదు, సాఫ్ట్‌ఐఆర్‌క్యూ అనే దానికి అప్పగిస్తుంది, న్యాట్ (ఇంట్లో మెషీన్లన్నీ ఒకే బయటి అడ్రస్ పంచుకునేలా చేయడం), ఫైర్‌వాల్, రూటింగ్ అన్నీ అక్కడే జరుగుతాయి. అది ఏ ప్రాసెస్ ఖాతాలోనూ పడదు, అందుకే ప్రాసెస్‌ల లిస్టులో ఏమీ కనపడదు. బిజీబాక్స్ (చిన్న బాక్సుల్లో ఉండే కమాండ్ల కట్ట) టాప్‌లో పైన ఎస్‌ఐఆర్‌క్యూ అని ఒక శాతం ఉంటుంది, మామూలు టాప్‌లో అయితే ఎస్‌ఐ, చూడాల్సింది అది. హెచ్‌టాప్ ఉంటే సెట్టింగుల్లో డిటెయిల్డ్ సీపీయూ టైమ్ ఆన్ చేస్తే ఒక్కో కోర్‌కి విడివిడిగా కనపడుతుంది. పని మరీ ఎక్కువైతే కేసాఫ్ట్‌ఐఆర్‌క్యూడీ అనే థ్రెడ్ పక్కన కోర్ నంబర్‌తో లిస్టులో పైకొస్తుంది, అది కనపడిందంటే ఆ కోర్ నిండిపోయినట్టే.

తర్వాత ప్రాక్ (/proc) ఫోల్డర్ కింద ఇంటరప్ట్స్ ఫైల్‌ని కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు చూడండి. ఈథర్నెట్ లైన్లలో అంకెలన్నీ సీపీయూ0 కాలమ్‌లోనే పెరుగుతుంటే కారణం దొరికినట్టే. ఇంకో మంచి ఆధారం ప్రాక్ నెట్‌లో ఉండే సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైల్, ఒక్కో లైను ఒక్కో కోర్, అంకెలు హెక్సాలో (0 నుంచి 9, తర్వాత A నుంచి F వాడే పద్ధతిలో) ఉంటాయి, రెండో కాలమ్ పారేసిన ప్యాకెట్లు, మూడో కాలమ్ పని మిగిలుండగానే కోటా అయిపోయి ఆగాల్సి వచ్చిన సార్లు. టెస్ట్ నడుస్తున్నప్పుడు ఇవి పెరుగుతుంటే కోర్‌కి ఊపిరాడట్లేదని అర్థం.

పరిష్కారం ఏంటంటే పనిని పంచడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఇంటర్‌ఫేసెస్ పేజీలో గ్లోబల్ ఆప్షన్స్‌లో ప్యాకెట్ స్టీరింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. వేరే డిస్ట్రో అయితే సిస్ (/sys) కింద ఆ ఇంటర్‌ఫేస్ క్యూస్ ఫోల్డర్‌లో ఆర్‌పీఎస్ (ఈ ప్యాకెట్ స్టీరింగ్‌కే కెర్నెల్‌లో పేరు) సీపీయూస్ ఫైల్‌లో కోర్ల మాస్క్ (ఏ కోర్లు వాడాలో చెప్పే అంకె) హెక్సాలో రాయాలి. నాలుగు కోర్లకి F అంటే అన్నీ, E అంటే సున్నా నంబర్ కోర్‌ని వదిలి మిగతా మూడూ. ఇంటరప్ట్ సున్నాలోనే పడుతుంటే నేనైతే E తోనే మొదలుపెడతాను, పాపం దానికి డ్రైవర్ పనే సరిపోతుంది. రెండు ఈథర్నెట్ పోర్టులు విడివిడి ఇంటరప్ట్‌లతో ఉంటే ప్రాక్ ఐఆర్‌క్యూ కింద ఎస్‌ఎంపీ ఎఫినిటీ ఫైల్‌లో చెరో కోర్‌కి కట్టేయొచ్చు.

ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి, ఇలా పంచేది ఫ్లోల (అంటే ఒక్కో కనెక్షన్) వారీగా, ఒకే డౌన్‌లోడ్ తాలూకు ప్యాకెట్లని నాలుగు కోర్లకి చల్లితే వరస తప్పుతాయి కాబట్టి కెర్నెల్ అలా చేయదు. అందుకే ముందు రాసుకున్న నంబర్లు చూడమంటున్నా, నాలుగు స్ట్రీమ్‌లలో స్పీడ్ పెరిగి ఒక స్ట్రీమ్‌లో పెద్దగా మారకపోతే స్టీరింగ్ బాగానే పనిచేస్తోంది, మిగిలింది ఒక కోర్ సత్తా.

లక్షణం: మామూలు కనెక్షన్‌లో బానే ఉంది, పీపీపీఓఈ పెట్టగానే సగానికి పడింది

పీపీపీఓఈ అంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే బ్రాడ్‌బ్యాండ్ పద్ధతి. కొన్ని నెట్‌వర్క్ కార్డులకి చాలా క్యూలు (ప్యాకెట్ల వరసలు) ఉంటాయి, ఐపీ అడ్రస్, పోర్ట్ చూసి హ్యాష్ చేసి ప్యాకెట్లని క్యూలకి పంచుతాయి. పీపీపీఓఈ ఫ్రేమ్ మాత్రం ఆ కార్డుల్లో చాలావాటికి ఐపీ ప్యాకెట్‌లా కనపడదు, కాబట్టి వచ్చేవన్నీ ఒకే క్యూలో, ఒకే కోర్ మీద పడతాయి. కోర్ ఒక్కొక్కటీ నెమ్మదిగా ఉండే పీసీ ఇంజిన్స్ ఏపీయూ2 లాంటి బాక్సుల్లో ఇది గట్టిగా తగులుతుంది. దీనికీ మందు ఆర్‌పీఎస్సే, ఎందుకంటే కెర్నెల్ సాఫ్ట్‌వేర్‌లో పీపీపీఓఈ హెడర్ దాటి లోపలి ఐపీ చూడగలదు. ఆర్‌పీఎస్ పెట్టాల్సింది పీపీపీ ఇంటర్‌ఫేస్ మీద కాదు, కింద ఉన్న అసలు ఈథర్నెట్ పోర్ట్ మీద.

లక్షణం: కోర్లన్నీ నిండాయి, అయినా స్పీడ్ చాలట్లేదు

ఇప్పుడు పని పంచడం కాదు, తగ్గించాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫైర్‌వాల్ పేజీలో సాఫ్ట్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్ చేస్తే కనెక్షన్ కుదిరాక వచ్చే ప్యాకెట్లు రూల్స్ మొత్తం దాటకుండా దగ్గర దారిలో పోతాయి. ఎంటీ7621 లాంటి చిప్‌లకి హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ కూడా ఉంది, ఆ చిప్ 880 మెగాహెర్ట్జ్‌దే అయినా అది ఆన్ చేస్తే గిగాబిట్ న్యాట్ ప్రాసెసర్‌ని దాదాపు తాకకుండానే వెళ్లిపోతుంది. అయితే హార్డ్‌వేర్ దారిలో పోయే ప్యాకెట్లు టీసీపీడంప్‌కి (ప్యాకెట్లని పట్టి చూపించే టూల్) కనపడవు, ఎస్‌క్యూఎం (ల్యాగ్ రాకుండా స్పీడ్‌ని అదుపులో పెట్టే ఫీచర్) క్యూలకీ అందవు. అలాగే జీఆర్‌ఓ ఆఫ్ చేసి ఉందేమో ఈథ్‌టూల్‌లో చూడండి, ఎవరో చెప్పారని దాన్ని ఆపేసినవాళ్లు చాలామంది, అది చిన్న ప్యాకెట్లని కలిపి ఒకేసారి స్టాక్‌లోకి పంపుతుంది కాబట్టి ఆపితే ఖర్చు పెరుగుతుంది.

లక్షణం: ఎస్‌క్యూఎం‌లో 500 పెట్టా, 200 దాటట్లేదు

షేపింగ్ అంటే ప్రతి ప్యాకెట్‌నీ లెక్క ప్రకారం టైమ్ చూసి వదలడం, కేక్ అనే పద్ధతి అయితే ఇంకా ఖర్చెక్కువ. ఎస్‌క్యూఎం ఆపి కొలవండి, స్పీడ్ వచ్చేస్తే కారణం అదే. కేక్ బదులు ఎఫ్‌క్యూ కోడెల్‌తో సింపుల్ స్క్రిప్ట్ పెట్టి చూడండి, లేదా అప్‌లోడ్ వైపు మాత్రమే షేపింగ్ ఉంచండి, ల్యాగ్ ఎక్కువగా పుట్టేది చాలా లైన్లలో అక్కడే. నన్నడిగితే 500కి పరిగెత్తి వీడియో కాల్స్ ముక్కలవడం కంటే ప్రాసెసర్ మోయగలిగిన 200 దగ్గర పెట్టి ల్యాగ్ లేకుండా ఉండటమే నయం, ఇంట్లోవాళ్లు స్పీడ్‌టెస్ట్ చూడరు, కాల్ తెగితే మాత్రం అడుగుతారు.

లక్షణం: మొదటి రెండు నిమిషాలు బావుంటుంది, తర్వాత పడిపోతుంది

వేడి. థర్మల్ జోన్ ఫైల్‌లో టెంపరేచర్ వెయ్యో వంతుల్లో ఉంటుంది, 82000 అంటే 82 డిగ్రీలు. పై 4 అయితే 80 దాటగానే క్లాక్ తగ్గించేస్తుంది. హీట్‌సింక్ పెట్టండి, డబ్బా మూత తీసి టెస్ట్ చేస్తే తేడా తెలిసిపోతుంది. పైలో వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ కమాండ్ సున్నా చూపించకపోతే చార్జర్ వోల్టేజ్ తక్కువైందేమో కూడా అనుమానించాలి. ఇక దీనికి ఉల్టా, మొదట నెమ్మదిగా ఉండి తర్వాత పుంజుకుంటుంటే గవర్నర్ (క్లాక్ ఎంత ఉండాలో నిర్ణయించే సెట్టింగ్) ఆన్‌డిమాండ్‌లో ఉండి క్లాక్ పెంచడానికి తాత్సారం చేస్తున్నట్టు, స్కేలింగ్ గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్ చేసి కొలవండి.

లక్షణం: వీపీఎన్ ఆన్ చేస్తేనే నత్తనడక

ఓపెన్‌వీపీఎన్ మామూలుగా యూజర్ స్పేస్‌లో ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది, ప్రతి ప్యాకెట్ కెర్నెల్‌లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లాలి. 2.6 వెర్షన్ నుంచి వచ్చిన డీసీఓ ఆ తిప్పట తప్పిస్తుంది. పై 4 ప్రాసెసర్‌లో ఏఈఎస్ (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఇన్‌స్ట్రక్షన్లు లేవు కాబట్టి దాని మీద ఏఈఎస్ ఇంకా భారం. వీలుంటే వైర్‌గార్డ్‌కి మారండి, అది ఏఈఎస్ బదులు చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ వాడుతుంది, కెర్నెల్‌లోనే ఉంటుంది, ఎన్‌క్రిప్షన్ పనిని కోర్లకి పంచుతుంది. దాని ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ట సైజు, బైట్లలో) మామూలుగా 1420, పీపీపీఓఈ మీద అయితే 1412 పెట్టండి, లేకపోతే ప్యాకెట్లు ముక్కలై స్పీడ్ అక్కడే కరిగిపోతుంది.

లక్షణం: నడుస్తున్న డౌన్‌లోడ్ బానే ఉంది, కొత్త పేజీలు తెరుచుకోవట్లేదు

డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపించే కమాండ్) ఎన్‌ఎఫ్ కాన్‌ట్రాక్ టేబుల్ ఫుల్ అని ఉంటే టొరెంట్ లాంటిదేదో కనెక్షన్ల టేబుల్ నింపేసింది. ర్యామ్ ఉంటే కాన్‌ట్రాక్ మ్యాక్స్ పెంచండి. కుదిరిన టీసీపీ కనెక్షన్‌కి లినక్స్ డీఫాల్ట్ టైమవుట్ 432000 సెకన్లు, అంటే 5 రోజులు, దాన్ని గంటా రెండు గంటలకి దించితే టేబుల్ దానంతటదే ఖాళీ అవుతుంది.

లక్షణం: డాకర్ పెట్టాక ల్యాన్‌లో ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి కూడా నెమ్మదించింది

డాకర్ (యాప్‌లని కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) కొన్ని వెర్షన్లలో, సెట్టింగుల్లో బీఆర్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్‌ని లోడ్ చేస్తుంది, దాంతో సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్ మీద ఊరికే దాటాల్సిన ఫ్రేములు కూడా ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్ రూల్స్) గుండా తిరుగుతాయి. బ్రిడ్జ్ ఎన్‌ఎఫ్ కాల్ ఐపీటేబుల్స్‌ని సున్నా చేస్తే పోతుంది, కాకపోతే కంటైనర్ల మధ్య ఫైర్‌వాల్ రూల్స్ మీద ఆధారపడి ఉంటే అవి పనిచేయకుండా పోవచ్చు, అది చూసుకుని చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే

అప్పుడు లెక్క వేయండి. నిండు సైజు ప్యాకెట్లతో గిగాబిట్ అంటే ఒక దిశలో సెకనుకి సుమారు 81,000 ప్యాకెట్లు, 1 గిగాహెర్ట్జ్ కోర్ ఒక్కటే మోస్తే ప్యాకెట్‌కి 12,300 సైకిల్స్ (ప్రాసెసర్ క్లాక్ టిక్కులు) దొరుకుతాయి, న్యాట్, పీపీపీఓఈ, షేపింగ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. అదే 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే సెకనుకి 14.88 లక్షలు, ఒక్కోదానికి 670 సైకిల్స్ చొప్పున, మెమరీకి నాలుగైదు సార్లు వెళ్లొస్తేనే అయిపోతాయి. కాబట్టి గేమ్ సర్వర్లు, వాయిస్ కాల్స్ లాంటి చిన్న ప్యాకెట్ల ట్రాఫిక్ ఎక్కువుంటే మెగాబిట్లు కాదు, సెకనుకి ఎన్ని ప్యాకెట్లో చూడండి. పెర్ఫ్ టాప్ వేస్తే ఆ సైకిల్స్ డ్రైవర్‌లో పోతున్నాయా, నెట్‌ఫిల్టర్‌లోనా, క్యూలోనా అన్నది ఫంక్షన్ పేరుతో సహా కనపడుతుంది. ఆఫ్‌లోడ్ లేని బాక్స్‌లో కోర్లన్నీ నిండి, పైన డ్రైవర్ ఫంక్షన్లే కనపడుతుంటే సెట్టింగులతో ఇంక ఒరిగేదేమీ లేదు. బాక్సే మార్చాలి, మార్చేటప్పుడు కోర్లు ఎన్ని అన్నదానికంటే ఒక్కో కోర్ ఎంత వేగం, పోర్టులు పీసీఐఈ మీద ఉన్నాయా యూఎస్‌బీ మీద ఉన్నాయా అన్నది ముందు చూసుకోండి.