దుఃఖంపై బౌద్ధ, క్రైస్తవ దృష్టులను పోల్చి చదవడం ఎలా

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఎన్నో చర్చీలతో పాటు జిరంగ్‌లో టిబెటన్ల బౌద్ధారామం పద్మసంభవ మహావిహారమూ ఉంది కనుక ఆ జిల్లా కేంద్రమైన పర్లాకిమిడి తెలుగువారికి ఈ పోలిక దూరపు సంగతి కాదు. సిద్ధాంతాలకంటే ముందు బౌద్ధుల కిసాగోతమి కథను, బైబిలులోని యోబు గ్రంథాన్ని వెంటవెంటనే చదవాలి. చావెరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని బుద్ధుడు పంపగా, బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి గడపగడపా తిరిగి, మరణం అందరిదీ అని తానే గ్రహిస్తుంది. పిల్లలందరినీ కోల్పోయిన యోబు దేవుణ్ణే నిలదీసి, కారణం తెలియకుండానే ఆయన మాటకు తలవంచుతాడు. రెండూ ఒకటేనని ఇక్కడే తేల్చేయడం తొందరపాటు. బౌద్ధం తృష్ణను, అంటే తీరని కోరికను, దుఃఖానికి మూలంగా చూపి, దాన్ని పోగొట్టే ఎనిమిది అంగాల సాధనగా అష్టాంగ మార్గాన్ని చెబుతుంది. క్రైస్తవం సిలువపై దేవుడే బాధను పంచుకున్నాడంటుంది. చివరగా మాటలను సరిచూసుకోవాలి: తొలి బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలోని ‘దుక్ఖ’లో అసంతృప్తి అనే అర్థమూ ఉంది, తెలుగు బైబిలులో రోమా పత్రిక 5వ అధ్యాయపు ‘శ్రమ’ అంటే పని కాదు, ఓర్పును పుట్టించే బాధ.