ఫుకెట్‌లో స్కూటీ అద్దెకు తీసుకుంటున్నారా? ముందు ఆర్టీఏకి వెళ్లండి

థాయిలాండ్‌లోని ఫుకెట్, పటాయా అనగానే మనవాళ్ల భయమంతా దొంగల మీదే. టూరిస్టుకు అంతకంటే పెద్ద ముప్పు అద్దె స్కూటీ. జేబులో హైదరాబాద్ లైసెన్స్ ఒక్కటే ఉంటే పోలీసులు జరిమానా వేస్తారు, అది చిన్న సంగతి. కింద పడి కాలు విరిగితే మాత్రం ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. ఆసుపత్రి బిల్లు మీ నెత్తినే.

బయల్దేరే ముందే రవాణా శాఖ సైట్‌లో స్లాట్ తీసుకుని ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకోండి. ఫారం 4ఏ, లైసెన్స్, పాస్‌పోర్ట్, టికెట్ కాపీలు కావాలి. ఫీజు 1,000 రూపాయలు, పైన సర్వీస్ చార్జీ. ఏడాది చెల్లుతుంది. లైసెన్స్‌లో కారు ఒక్కటే ఉంటే పర్మిట్‌లోనూ అంతే, బండికి పనికిరాదు.

షాపులో పాస్‌పోర్ట్ తాకట్టు పెట్టొద్దు, ఎంత అడిగినా సరే. కాపీ, నగదు డిపాజిట్ చాలు. తాళం తీసుకునే ముందు బండి చుట్టూ వీడియో తీయండి: అద్దాలు, సైలెన్సర్, బ్రేక్ లీవర్ల చివర్లు, ఫుట్‌బోర్డు కింద. పాత గీతలకు కొత్తగా డబ్బు గుంజే షాపులున్నాయి.

వియత్నాంలో ఈ పర్మిట్ నడవదు. మనది రోడ్డు ట్రాఫిక్‌పై 1949 నాటి అంతర్జాతీయ ఒప్పందం కిందది, వాళ్లు గుర్తించేది 1968 నాటి ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌ను. అక్కడ గ్రాబ్ (ఓలా, ఊబర్ లాంటి యాప్) ఎక్కండి.