మనసును చదవడం – 3వ పాఠం: మెప్పు, ముప్పు

గత పాఠంలో రోజుకు ఒక సంఘటన చొప్పున రాసుకోమన్నాను. ఆ నోటుపుస్తకం తెరవండి. ఇప్పుడు ఒక్కో సంఘటన పక్కన ఒక్క అక్షరం చేర్చాలి. మెప్పు కోసం చేసిన పనికి ‘మె’, ముప్పు తప్పించుకోవడానికి చేసిన పనికి ‘ము’.

ఈ విభజన బ్రిటిష్ మనస్తత్వవేత్త జెఫ్రీ గ్రే ఆలోచన నుంచి తీసుకున్నదే. ప్రతిఫలం కనబడితే ముందుకు ఉరికించే వ్యవస్థ ఒకటి, శిక్ష పడేలా ఉంటే అడుగు ఆపే వ్యవస్థ ఒకటి మన మెదడులో ఉన్నాయని ఆయన ప్రతిపాదించాడు. ఎవరిలో ఏది ఎంత చురుకో తెలుసుకోవడానికి 1994లో మనస్తత్వవేత్తలు కార్వర్, వైట్ ఒక ప్రశ్నావళి రూపొందించారు. నార్సిసిజం, అంటే ఆత్మమోహం, ఎక్కువగా ఉన్నవారిలో మొదటిది బలంగానూ రెండోది బలహీనంగానూ ఉంటుందని 2008లో పరిశోధకులు ఫోస్టర్, ట్రిమ్ చూపించారు. మైకు కనబడగానే లేచి వెళ్లే మనిషికి చప్పట్లే వినిపిస్తాయి, తడబడతానేమోనన్న బెదురు తక్కువ.

అయితే ఆత్మమోహానికి రెండు ముఖాలున్నాయని 1991లోనే మనస్తత్వవేత్త పాల్ వింక్ చెప్పాడు. ఒకటి ఆడంబరం. రెండోది చిన్న మాటకే గాయపడే సున్నితత్వం. ఈ రెండో ముఖంలో ముప్పును పసిగట్టే వ్యవస్థే చురుకు. నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది ఇదే, ఎందుకంటే పైకి ఇది కూడా గర్వంలాగే కనిపించవచ్చు.

నా నోటుపుస్తకంలోని ఒక పేజీ చూడండి: ‘సమావేశంలో నేను చెప్పిన అంకె తప్పని కొత్తగా చేరిన అమ్మాయి సరిదిద్దింది. వెంటనే నా పదిహేనేళ్ల అనుభవం గురించి చెప్పాను.’ గొప్పలు చెప్పుకున్నాను కదా అని ‘మె’ రాశాను. మర్నాడు మళ్లీ చదివితే ఆ మాటలకు ముందు క్షణం గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. పెన్ను మూత తీసి పెడుతూ, తీసి పెడుతూ ఉన్నాను. భయం ముందు వచ్చింది, గొప్ప తర్వాత వచ్చింది. ‘మె’ కొట్టేసి ‘ము’ రాశాను.

మీరూ అలాగే చేయండి. అన్న మాటకంటే ముందు శరీరం ఏం చేసిందో రాయండి, అక్షరం ఆ తర్వాత. రెండూ కలిసి ఉంటే ఏది ముందు వచ్చిందో దాన్నే వేయండి. ఇంట్లోవాళ్ల మీద, తోటి ఉద్యోగుల మీద మాత్రం ఈ అక్షరాలు వేయవద్దు. వాళ్ల చెవుల వేడి మీకు తెలియదు. ఇది జబ్బును నిర్ధారించే పద్ధతి కూడా కాదు.

వచ్చే పాఠానికి ఏడు సంఘటనలు సిద్ధం చేసుకోండి. కొట్టివేతలు చెరిపేయకండి, వాటితోనే పని మొదలుపెడతాం.